శత్రువు కలలోకి వెళ్లిన పిల్ల

సంక్రాంతికి తెనాలిలో మా అన్నయ్యవాళ్లింటికి వెళ్లాను. ముక్కనుమ నాటి మధ్యాహ్నం. మేడమీద మా మేనల్లుడు గాలిపటం ఎగరేస్తున్నాడు. కింద వసారాలో వదిన చేట ముందేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చేట పక్కన ఐదు వందల పైచిలుకు పేజీల ఇంగ్లిషు నవల. మా మేనకోడలు అమ్మలుకి పదహారో పుట్టినరోజున నేనిచ్చిందే. లేనీ టేలర్ రాసిన ‘స్ట్రేంజ్ ద డ్రీమర్’. అమెరికాలో 2017లో వచ్చింది. అక్కడ కౌమార వయసు పిల్లల పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ పురస్కారాల్లో 2018లో గౌరవ పుస్తకంగా నిలిచింది.

వదిన హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న కూతురి దిండు కింద ఈ పుస్తకం దొరికితే లాక్కుని బీరువాలో పెట్టలేదు. నాలుగు రాత్రులు మేలుకుని తనే చదివింది. చదివి నాకోసం ఎదురుచూసింది. పుస్తకం తెరవకుండా కొట్టిపారేసేవాళ్లతో నేను వాదించను. ఆసాంతం చదివి కాదన్న మనిషి నాకు దొరకడం ఇదే మొదటిసారి. అందుకే ఆ రోజు మాటల్ని గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

వదిన: సుధా, దీన్ని నువ్వు ఎన్నిసార్లు చదివావు?

నేను: మూడుసార్లు.

వదిన: నలభై దాటాయి నీకు. మూడుసార్లు చదివించేంత ఏముందో చెప్పు. కథ మాత్రం నేను చెబుతాను. నువ్వు చెబితే అంతా వెన్నెల్లోనే కనిపిస్తుంది. లాజ్లో అని ఒక అనాథ. యుద్ధంలో అమ్మానాన్నా పోతే సన్యాసుల మఠంలో పెరిగాడు. ఆ రాజ్యంలో దిక్కులేని పిల్లలందరికీ ఒకటే ఇంటిపేరు, స్ట్రేంజ్. మఠంలో మతి తప్పిన ముసలి సన్యాసి ఒకాయన, ఎడారికవతల ఉన్న నగరం గురించి కథలు చెబుతాడు. రెండు వందల ఏళ్లుగా అక్కణ్నుంచి ఎవరూ వచ్చింది లేదు. వీడికి ఐదేళ్లప్పుడు ఆ నగరం పేరు ఉన్నట్టుండి నోట్లోంచి, బుర్రలోంచి చెరిగిపోతుంది. ఆ చోట ‘ఏడుపు’ అన్న మాట మిగులుతుంది. పెద్దయ్యాక మహా గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం. ఆ నగరం నుంచి యోధులొస్తే వాళ్ల వెంట బయల్దేరతాడు. ఇంతవరకూ సరేనా?

నేను: సరే.

వదిన: వెళ్లి చూస్తే ఊరి నెత్తిన గాలిలో నీలి లోహపు కోట. రెక్కలు చాచిన విగ్రహం మాదిరి. ఊరికి ఆకాశం కనిపించదు. ఒకప్పుడు ఆ కోటలో నీలి చర్మం దేవుళ్లుండేవాళ్లు. ఊళ్లో వయసొచ్చిన ఆడపిల్లల్నీ కుర్రాళ్లనీ ఎత్తుకుపోయి, కొన్నాళ్లకి జ్ఞాపకం తుడిచేసి కిందికి పంపేవాళ్లు. ఎరిల్‌ఫేన్ అనే అతను ఆ దేవుళ్లని చంపాడు. దేవుళ్లతో ఆగలేదు. ఊయలల్లో ఉన్న వాళ్ల పిల్లల్ని కూడా చంపారు. ఐదుగురు తప్పించుకుని పదిహేనేళ్లుగా పైనే దాక్కుని బతుకుతున్నారు. అందులో సరాయ్ అనే పదిహేడేళ్ల పిల్ల, రాత్రుళ్లు మనుషుల కలల్లోకి వెళ్లి, ఈ లాజ్లోని ప్రేమిస్తుంది. నా కూతురు రాత్రి పన్నెండింటి దాకా మేలుకున్నది ఈ ప్రేమ కోసం. నాకు కోపం రాదా?

నేను: కోపం రావచ్చు. కానీ ఊరి కథంతా తీరిగ్గా చెప్పి, సరాయ్ దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేశావు. కలల్లోకి ఎలా వెళ్తుందో చెప్పలేదు. పొద్దుగూకగానే ఆ పిల్ల నోరు తెరుస్తుంది. అరుపు రాదు. లోపల్నుంచి వంద చిమ్మటలు వస్తాయి, దీపం చుట్టూ తిరిగే నల్ల రెక్కల పురుగులు. అవి కోట దిగి ఊళ్లోకి వెళ్లి నిద్రపోతున్న మనిషి నుదుటి మీద వాలతాయి. వాలిన చోటల్లా ఆ మనిషి కల ఆమెకి తెరుచుకుంటుంది. తెల్లవారితే చిమ్మటలు పొగైపోతాయి. మళ్లీ రాత్రికి కొత్త వంద. నాకు నచ్చింది ప్రేమ ఒక్కటే కాదు వదినా. ఆ వంద చిమ్మటలు అన్నేళ్లు చేసిన పని.

వదిన: ఏం పని? పీడకలలు పెట్టడమేగా.

నేను: పీడకలలు పెట్టడానికే మొదలుపెట్టింది. తన వాళ్లని చంపిన ఊరు కదా. ఆ ఐదుగురిలో ఒకతైన మిన్యా ఉసిగొల్పుతుంది. సరాయ్ అప్పటికి చిన్నపిల్ల, ఊరివాళ్ల భయాలేవో వెతికి పట్టుకుని వాళ్ల మీదకే వదులుతుంది. అలా రాత్రి తరవాత రాత్రి, ఏళ్ల తరబడి. అయితే భయం వెతకాలంటే ఆ మనిషి లోపలంతా తిరగాలి గదా. తిరుగుతూ ఉంటే తెలుస్తుంది, ఈ మనుషుల్ని ఆ దేవుళ్లు ఏం చేశారో. ఒక ఆడమనిషి కలలో కోట గది. ఇంకొకామె కలలో తిరిగి రాని బిడ్డ. సరాయ్‌కి ఎవరూ నీతి చెప్పలేదు. క్షమించమని ఎవరూ అడగలేదు. చూసి చూసి ఆమె పగ దానంతటదే అరిగిపోయింది. ఆ ఐదుగురిలో ఈ సంగతి తెలిసింది ఆమెకొక్కదానికే. చెబితే మిన్యా ద్రోహి అంటుంది. ఇంత బరువు పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పెట్టిన కథని ప్రేమకథ అని ఒక్క మాటలో ఎలా తేలుస్తావు?

వదిన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. కాసేపు ఆలోచించి ఈనె లాగి పక్కన పడేసింది.

వదిన: నువ్వు చెప్పిన ఆ భాగం బాగుంది, కాదనను. నేనూ ఆ రాత్రి దీపం ఆర్పలేదు. నా తగువు తరవాత జరిగేదానితో. లాజ్లో కలలోకి వెళ్తుంది. మిగతా ఎవరికీ కనిపించని పిల్ల వాడికి కనిపిస్తుంది. అక్కణ్నుంచి ఇక అంతా పంచదార. వాడి కలలో ఊరు ధగధగలాడుతుంది. చందమామని కోసి చేతి గొలుసుకి కడతాడు. కలలో దేనికీ ఖరీదు లేదు సుధా. ఇల్లు కట్టడానికి ఇటుక అక్కర్లేదు, మాట నిలబెట్టుకోవడానికి మర్నాడు లేదు. పదహారేళ్ల పిల్ల ఇది చదివి, రేపు బియ్యం కడగాల్సిన ఇంట్లో, రికార్డు రాయాల్సిన కాలేజీలో ఏం చేసుకుంటుంది?

నేను: ఖరీదు లేదంటే ఒప్పుకోను. పీడకలలు పెట్టిన పిల్లకి నిద్ర లేదు. ఊరి వాళ్ల పీడకలలన్నీ ఆమెలో పేరుకుని, కన్ను మూస్తే ఆమె మీదే పడతాయి. అందుకని కలే రాకుండా బూడిద రంగు మందు ఒకటి రోజూ తాగుతుంది. తాగితే నిద్ర వస్తుంది, కానీ ఆ నిద్రలో ఏమీ ఉండదు, ఒట్టి శూన్యం. తిండి చూడు, రుచీ పచీ లేని దుంప. కోటలో ఏ మాయకైనా అప్పు తీరుస్తూనే ఉండాలి. లాజ్లో కల అంత తియ్యగా ఉందంటే, జీవితంలో మొదటిసారి ఆ పిల్లకి ఒకచోట భయం లేకుండా నిలబడే వీలు దొరికింది. ఆకలితో ఉన్నవాడికి అన్నం గురించి రాస్తే అందులో పంచదార ఎక్కువైందంటామా?

వదిన: అంటాం. ఎక్కువైతే అంటాం. ఒక మాటకి నాలుగు విశేషణాలు వేసింది మీ రచయిత్రి. వాక్యం నడవదు, నగలు వేసుకుని కూర్చుంటుంది.

నేను: ఆ మాట ఒప్పుకుంటాను. నేనూ రెండోసారి చదివినప్పుడు కొన్ని పేజీలు తిప్పేశాను.

వదిన: ఇంకోటి. కలలో మనిషిని చూసి ప్రేమించడం మనకి కొత్తా? ఉష లేదూ? బాణాసురుడి కూతురు. కూచిపూడి భాగవతులు ఉషాపరిణయం ఆడితే మా అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించింది. ఉష కలలో అనిరుద్ధుణ్ని చూసి, లేచి ఊరుకుందా? చిత్రలేఖ కూర్చుని రాజకుమారులందరి బొమ్మలూ గీసింది. ఇతనా, ఇతనా అని చూపించింది. పని జరిగింది మెలకువలో. ఇందులో వాళ్లిద్దరూ కలలోనే ఉండిపోవాలనుకుంటారు.

నేను: ఉండిపోవాలనుకుంటారు, నిజమే. ఉండనివ్వదు రచయిత్రి. పుస్తకం మొదటి పేజీలోనే ఆకాశం నుంచి ఒక అమ్మాయి పడిపోతుంది. చదివేవాళ్లకి ఆ సంగతి ముందే తెలుసు. ఆ తరవాత వాళ్లు కలలో ఎంత నవ్వుకున్నా మనకి గుండెలో రాయి పడినట్టే ఉంటుంది. కలలో ఉండిపోవచ్చని చెప్పాలనుకున్న మనిషి కథని అక్కడ మొదలుపెట్టదు వదినా.

వదిన దీనికి జవాబు చెప్పలేదు. లేచి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. కూర్చున్నాక గొంతు మారింది. అసలు మాట ఇప్పుడొచ్చిందని నాకర్థమైంది.

వదిన: ప్రేమ సంగతి వదిలెయ్. నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. ఎరిల్‌ఫేన్. ఊయలల్లో పిల్లల్ని చంపినవాడు. సరాయ్ వాడి కన్న కూతురే. అలాంటి మనిషిని ఈ రచయిత్రి ఎంత ప్రేమగా చూపించిందో చూశావా? లాజ్లోని గౌరవంగా చూస్తాడు, ఊరి కోసం ప్రాణం పెడతాడు, రాత్రుళ్లు కుమిలిపోతాడు. చదువుతూ చదువుతూ నాకు వాడి మీద జాలేసింది. జాలేసినందుకు నామీద నాకే కోపమొచ్చింది. ఇద్దరు పిల్లల తల్లిని. పసిపిల్లల్ని చంపినవాణ్ని మంచివాడని నా కూతురికి నేర్పే పుస్తకం నాకొద్దు.

నేను: మంచివాడని పుస్తకం ఎక్కడా అనలేదు.

వదిన: అనక్కర్లేదు. జాలిపడేలా రాస్తే చాలు.

నేను: నీకు ఎనిమిదో తొమ్మిదో తరగతిలో పోతన పద్యాలు ఉండేవిగా? ద్రౌపది అశ్వత్థామతో మాట్లాడేది?

వదిన: ఉండేది. ఇప్పటికీ నోటికి వచ్చు.

నేను: వాడు చేసింది ఏమిటి? రాత్రి శిబిరంలోకి దూరి నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపాడు. ఐదుగురు కొడుకులు ఒక్క రాత్రిలో పోయారు ఆమెకి. అర్జునుడు వాణ్ని కట్టి ఈడ్చుకొచ్చి ముందు పడేస్తే ద్రౌపది ఏమంది? వదిలెయ్యమంది. ఇక్కడ నేను ఏడుస్తున్నట్టు అక్కడ వీడి తల్లి కృపి ఏడవకూడదంది. ఆ పద్యం పదమూడేళ్ల పిల్లలకి కదా మనం చెప్పింది? పసివాళ్ల హత్య ఉందని ఎవరూ తీసెయ్యలేదు. అశ్వత్థామ మంచివాడని ఎవరూ నేర్చుకోలేదు కూడా.

వదిన: నేను ఆ పద్యం తరగతిలో లేచి నిలబడి చెప్పాను సుధా. కానీ తేడా ఉంది. ద్రౌపది పట్టపగలు, కళ్లు తెరుచుకుని, తన నోటితో ఆ మాట అంది. ఆమెకి చిమ్మటలు అక్కర్లేకపోయింది. మాయ లేకుండా ఆ ఎత్తుకి వెళ్లింది. అందుకే అది గొప్ప. ఇక్కడ పగ తగ్గాలంటే ఒక పిల్ల నోట్లోంచి వంద పురుగులు రావాలి. మనిషికి చేతనైన పనిని మాయకి అప్పజెప్పినట్టు కాదూ?

ఈ ప్రశ్నకి నేను వెంటనే జవాబివ్వలేకపోయాను. ఇప్పటికీ అది నన్ను వదల్లేదు. అప్పుడు నాకు తోచింది ఇది.

నేను: ద్రౌపది కృపిని అప్పుడు చూడను కూడా లేదు వదినా. కృపి ఎక్కడో ఉంది. చూడకుండానే ఆమె ఇంట్లోకి వెళ్లి, ఆమె పక్కన కూర్చుని, ఆమె ఏడుపు విని వచ్చింది ద్రౌపది. సరాయ్ చిమ్మట చేసేదీ అదే. ద్రౌపది లాంటివాళ్లు ఎందరుంటారు? మిగతావాళ్లకి ఆ దారి కనిపించాలంటే ఎవరో ఒకరు దానికి రెక్కలు గీసి చూపించాలి. నేను ఫాంటసీని ఇందుకే ప్రేమిస్తాను. మనసులో జరిగే పని కంటికి కనిపిస్తుంది. అవతలి మనిషి నుదుటి మీద వాలితే తప్ప అతని బాధ తెలియదని నాకు యాభై వ్యాసాలు చదివినా ఎక్కేది కాదు. ఆ పిల్ల నోరు తెరిచిన ఒక్క పేజీతో ఎక్కింది.

వదిన: మరి మిన్యాకి ఎందుకు ఎక్కలేదు? అదీ ఆ కోటలోనే పెరిగిందిగా. ఆరేళ్ల పిల్ల ఆకారంలోనే పదిహేనేళ్లు ఉండిపోయింది. చచ్చినవాళ్ల ఆత్మల్ని పట్టి కట్టేసి, వాళ్ల చేత చాకిరీ చేయించుకుంటుంది, యుద్ధానికి సైన్యం తయారుచేస్తుంది. రాక్షసి. పుస్తకమంతటికీ అదొక్కటే నాకు పూర్తిగా అర్థమైంది, పూర్తిగా అసహ్యమేసింది కూడా.

నేను: నాకూ మిన్యా అంటే ఇష్టం లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాట్లాడుతున్నంతసేపూ పుస్తకం చేట పక్కనే పడి ఉంది. వదిన ఎరిల్‌ఫేన్ పేజీ ఒకటి చూపిస్తానని దాన్ని తీసి తిప్పుతోంది. మధ్యలో ఒకచోట ఆగింది. ఆ కాగితం వెనక వైపు నుంచి ఒక గీత ఉబ్బి కనిపిస్తోంది. పేజీ తిప్పితే పెన్సిల్‌తో నిలువుగా, మార్జిన్ పొడవునా గీసిన గీత. కాగితం చిరిగేంత నొక్కి గీసింది. ఐదు వందల పేజీల్లో అమ్మలు గీత గీసిన చోటు అదొక్కటే. లాజ్లో కల కాదు, చందమామ కాదు. నరమేధం నాడు ఆరేళ్ల మిన్యా పిల్లల గదిలోంచి పారిపోయిన చోటు. గది నిండా పిల్లలున్నారు. రెండు చేతులకి ఎంతమంది పట్టారో అంతమందినే, నలుగురిని, తీసుకుపోగలిగింది. మిగతావాళ్లని అక్కడే వదిలెయ్యాల్సి వచ్చింది. ఆ అరుపులు వింటూ దాక్కుంది.

వదిన ఆ పేజీ రెండుసార్లు చదివింది.

వదిన: 2021 మే నెల గుర్తుందా నీకు?

గుర్తుంది. కరోనాతో వదిన గుంటూరులో ఆస్పత్రిలో పదిహేను రోజులుంది. ఆక్సిజన్ పెట్టారు. అన్నయ్య ఆమె దగ్గరే ఉండిపోయాడు. నేను హైదరాబాదులో నా పిల్లలకి జ్వరాలతో కదల్లేకపోయాను. ఇక్కడ ఇంట్లో పదకొండేళ్ల అమ్మలు, ఐదేళ్ల తమ్ముడు. పక్కింటివాళ్లు గుమ్మం దగ్గర క్యారేజీ పెట్టి దూరంగా నిలబడి పిలిచేవాళ్లు.

వదిన: వాడికి అన్నం పెట్టింది, స్నానం చేయించింది. రాత్రుళ్లు వాడు ఏడిస్తే ఫోన్లో నా పాత వీడియోలు పెట్టి పడుకోబెట్టేది. నేను ఇంటికొచ్చాక ఎలా ఉన్నావే అంటే బాగానే ఉన్నానమ్మా అంది. ఇప్పటిదాకా ఇంకో ముక్క చెప్పలేదు. వాడు రోడ్డు దాటాలంటే ఇప్పటికీ చెయ్యి వదలదు. పదేళ్లొచ్చాయి, అందరిముందూ సిగ్గేస్తోంది, వదలమని వాడే గింజుకుంటాడు. నేను దాన్ని కసురుతుంటాను.

నేను: నాకూ ఈ గీత సంగతి తెలియదు వదినా. సరాయ్‌ని చూసి మురిసిపోతుందనుకున్నాను.

వదిన: నేను లాజ్లోని చూసి అనుకున్నాను.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. పైన గాలిపటం దారం తెగినట్టుంది, మేనల్లుడు దబదబా మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాడు.

నేను: మిన్యా రాక్షసి అన్నావు. ఇప్పుడూ అంటావా?

వదిన: చేసే పనులు రాక్షసి పనులే. ఆ మాట మార్చను. కానీ పారిపోయిన ఆ రోజు దగ్గరే ఆగిపోయిన పిల్ల అని నాకు తట్టలేదు. ఒళ్లు పెరగకపోవడం మాయ అని చదువుకుంటూ పోయాను. అమ్మలుకి అది మాయ అనిపించి ఉండదు.

నేను: ఫాంటసీ గురించి నేను ఇందాకట్నుంచీ చెప్పాలనుకున్నది ఇదే. నాకంటే నువ్వే బాగా చెప్పావు.

వదిన: అంత సంబరపడకు. ప్రేమ సంగతిలో నేను ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఆ కలలు ఎక్కువయ్యాయి, ఆ విశేషణాలు ఎక్కువయ్యాయి. కథని సగంలో తెంపేసి రెండో భాగం కొనుక్కోమనడం నాకు నచ్చలేదు. ఎరిల్‌ఫేన్ విషయంలో కూడా నీ ద్రౌపది నన్ను పూర్తిగా ఒప్పించలేదు. ద్రౌపది వదిలెయ్యమంది తన బిడ్డల్ని చంపినవాణ్ని. ఆ హక్కు ఆమెది. కోటలో చనిపోయిన పిల్లల తరఫున ఎరిల్‌ఫేన్‌ని వదిలెయ్యమనే హక్కు నీకూ లేదు, నాకూ లేదు, ఆ రచయిత్రికీ లేదు.

నేను: ఆ హక్కు ఉన్నది మిన్యాకి.

వదిన: అవును. అదేమంటుందో చూడాలి.

ఐదున్నరకి అమ్మలు ట్యూషన్ నుంచి వచ్చింది. సైకిల్ స్టాండు వేస్తూ వసారాలో అమ్మ చేతిలో పుస్తకం చూసి అక్కడే ఆగిపోయింది. తిడుతుందనుకుంది. వదిన పేజీలు సరిచేసి పుస్తకం దాని చేతికిచ్చింది. గీత గురించి నా ముందు అడగలేదు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ మేడమీదికి వెళ్లారు. పదకొండు దాటాక గానీ దిగలేదు. దిగినప్పుడు అమ్మలు కళ్లు ఎర్రగా ఉన్నాయి, వదినవీ అలాగే ఉన్నాయి.

రెండో భాగం పేరు ‘మ్యూజ్ ఆఫ్ నైట్‌మేర్స్’. 2018లోనే వచ్చింది. మార్చిలో పరీక్షలు అయ్యేదాకా అమ్మలుకి ఇవ్వొద్దని వదిన నాకు గట్టిగా చెప్పింది. నా కాపీని మాత్రం ఈ వారమే కొరియర్‌లో తనకి పంపమంది.